సరస్సు చెంత విడిది

ప్రయాణమంటే అందరికీ ఇష్టమే. ప్రయాణ సన్నాహమంటే మాత్రం చాలామందికి విసుగు. మూటాముల్లె సర్దుకోవడం, బండి వేళలు కనుక్కోవడం, బస చూసుకోవడం వంటివన్నీ ఎవరో ఒకరు చేసిపెడితే తాము హాయిగా బయలుదేరుదామని అనుకునేవారే లోకంలో ఎక్కువ. కాని ఒక చోటును చూడడం ఆ చోటికి చేరకముందే ఆరంభమవుతుంది. ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ ఉండాలి, ఏమి తీసుకువెళ్ళాలి అని ఇంటిలో కూర్చుని వేసుకునే మూడు ప్రశ్నలే దానికి తొలి మెట్లు. ఈ మూడు ప్రశ్నలకు సరైన సమాధానాలు వెదకడానికి నెల్లూరులోని ఒక కుటుంబానికి ఏడాదికి పైగా పట్టింది. వారు వెళ్ళివచ్చినది ఒక్క రాత్రికి. పోయిన దూరం దాదాపు నూరు కిలోమీటర్లు.

ఆ ఇంటి పెద్ద విశ్రాంత ఉపాధ్యాయుడు. ప్రకృతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడు. భార్య, బ్యాంకులో పనిచేసే కొడుకు, కోడలు, పదవ తరగతి చదువుతున్న మనుమరాలు, ఆరవ తరగతి చదువుతున్న మనుమడు ఆయనతో ఉంటారు. కూతురు అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడింది. 2023 వేసవిలో ఆమె కొన్ని ఛాయాచిత్రాలు పంపింది. చుట్టూ దట్టమైన దేవదారు జాతి వృక్షాలు, మధ్యలో అద్దంలాంటి సరస్సు, ఒడ్డున ఒక చిన్న కొయ్య కుటీరం. ఆ కుటీరం ముంగిట మేనత్త పిల్లలు కాళ్ళు నీటిలో వేలాడదీసుకుని కూర్చున్నారు. ఆ బొమ్మలను మనుమరాలు పదేపదే చూసింది.

"తాతయ్యా, మనం ఇలాంటి చోటికి ఎప్పుడూ వెళ్ళలేదేం?" అని అడిగింది.

తాతగారు కళ్ళజోడు సవరించుకుని ఆ బొమ్మలను చాలాసేపు చూశారు. "ఆ రాష్ట్రాన్ని పదివేల సరస్సుల సీమ అంటారమ్మా. పది ఎకరాలకు తగ్గని సరస్సులనే లెక్కిస్తే 11,842 ఉన్నాయట. మనకు అన్ని లేవు. కాని ఉన్న ఒక్కదానినీ మనం సరిగా చూడలేదు" అన్నారు.

ఆయన చెప్పినది పులికాట్ సరస్సును గురించి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రాల మధ్య తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున అది పరచుకుని ఉంది. ఒడిశాలోని చిలికా తరువాత మన దేశంలోని ఉప్పునీటి సరస్సులలో పెద్దది అదే. దానిలో అధికభాగం మన రాష్ట్రంలోనే ఉన్నది. ఆరణి, కాళంగి నదులు తమ మంచినీటిని దానిలోకి తెచ్చి పోస్తాయి. సముద్రం తన ఉప్పునీటిని ముఖద్వారాల గుండా పంపుతుంది. సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ శ్రీహరికోట దీవి అడ్డుగోడలా నిలిచి ఉంటుంది. 1971 నుండి ఆకాశానికి రాకెట్లు ఎగురుతున్నది ఆ దీవి నుండే. అంతకుముందు ఆ దీవిలోని అడవి యానాదుల నివాసం. ఏ చెట్టు వేరు ఏ వ్యాధికి మందో, ఏ పొదలో తేనె దొరుకుతుందో వారికి కరతలామలకం.

"అయితే ఆ అడవిలోనే ఒక రాత్రి ఉందాం" అన్నాడు మనుమడు. అతనికి చెట్లకన్నా రాకెట్ల మీద ధ్యాస ఎక్కువ. అది అంతరిక్ష కేంద్రం అధీనంలో ఉన్నదనీ, కోరినవారందరూ వెళ్ళి విడిది చేయడానికి వీలులేదనీ తాతగారు చెప్పారు. ఆశ అక్కడ ఆగింది కాని ఆలోచన ఆగలేదు. ఆ సాయంత్రమే మనుమరాలు ఒక నోటుపుస్తకం తెచ్చి మొదటి పుటలో "సరస్సు చెంత విడిది" అని వ్రాసింది.

మొదటి ప్రణాళిక కొడుకు చేతిలో తయారైంది. ఒకే సాయంకాలంలో పూర్తయింది. ఒక పెద్ద వాహనం అద్దెకు తీసుకోవాలి. కొలీగుల కుటుంబాలు రెండు కలుస్తాయి. నేలపట్టు చెరువు పక్కనో, సరస్సు ఒడ్డుననో గుడారాలు వేయాలి. రాత్రి నెగడు రగిల్చి చుట్టూ కూర్చోవాలి. పాటలకు ఒక పెద్ద స్పీకరు పెట్టె కావాలి. వంటకు గ్యాసు పొయ్యి, గిన్నెలు, బియ్యం, పప్పు, ఉప్పు మొదలుకొని తాలింపు దినుసుల వరకు ఇంటినుండే తీసుకుపోవాలి. పట్టిక చదివి అతడు గర్వంగా అందరి ముఖాలూ చూశాడు.

మొదట నోరు విప్పినది నాయనమ్మ. "పదిహేనుమందికి అక్కడ వండేదెవరు నాయనా?" అని మాత్రమే ఆమె అడిగింది. కొడుకు జవాబు చెప్పలేదు. కోడలు తలవంచుకుని నవ్వింది. ఆ కుటుంబం గతంలో చేసిన ప్రయాణాలన్నిటిలోనూ పురుషులు, పిల్లలు చూసినది ఊరు. ఆ ఇద్దరు స్త్రీలు చూసినది పొయ్యి. తిరుమల కొండ మీదనైనా, మైపాడు సముద్రతీరాననైనా వారి చేతికి గరిట తప్పలేదు. వంటింటిని వెంట మోసుకుపోయే ప్రయాణం తమకు విశ్రాంతి కాదని ఆమె నెమ్మదిగా, నొప్పించకుండా చెప్పింది. ఆ మాటతో పట్టికలోని సగం సామాను దానంతట అదే కొట్టివేయబడింది.

తక్కిన సగాన్ని తాతగారు కొట్టివేశారు. నెగడు వద్దు, పాటల పెట్టె వద్దు, చెరువు పక్కన గుడారం అసలే వద్దు అన్నారు. ఎందుకని అడిగితే అప్పటికి కారణం చెప్పలేదు. "ఆ సంగతి వేరే రోజు మాట్లాడుకుందాం" అని లేచి వెళ్ళిపోయారు. ఎన్నడూ గొంతు పెంచని ఆయన ఆ దినం కొంచెం కటువుగా మాట్లాడడం అందరికీ ఆశ్చర్యం కలిగించింది. మనుమరాలికి కష్టం తోచింది. అత్త పిల్లలకు సాధ్యమైనది తనకెందుకు సాధ్యం కాకూడదని ఆమె మనసులో మథనపడింది.

ఆ ఆదివారం మేనత్త ఫోను చేసినప్పుడు ఆమె తన ఫిర్యాదు చెప్పుకుంది. మేనత్త నవ్వి, ఛాయాచిత్రాలలో కనిపించని సంగతులు చెప్పింది. తాము కుటీరంలో దిగి, ఒక దినం దగ్గరలోని బౌండరీ వాటర్స్ అనే సంరక్షిత అరణ్యంలోకి పడవ వేసుకుని వెళ్ళామన్నది. కెనడా సరిహద్దున వేయికి పైగా సరస్సులున్న అడవి అది. 1964 నాటి అరణ్య చట్టం దానిని కాపాడుతున్నది. లోపలికి పోవడానికి అనుమతిపత్రం ఉండాలి. రాత్రి బస చేసేవారి సంఖ్యకు వేసవిలో పరిమితి ఉంటుంది. ఒక జట్టులో తొమ్మిదిమందికి మించరాదు. గాజు సీసాలు, రేకు డబ్బాలు తీసుకుపోరాదు. రాత్రి పూట ఆహారాన్ని ఎలుగుబంట్లకు అందకుండా జాగ్రత్త చేయాలి. "మేము పోయింది మూడు రోజులకు, నేర్చుకున్నది మూడు నెలలు" అన్నదామె. మనుమరాలు ఆ మాటను తన పుస్తకంలో వ్రాసుకుంది. స్వేచ్ఛగా తోచిన ఆ బొమ్మల వెనుక ఇన్ని కట్టుబాట్లు ఉన్నాయని ఆమె ఊహించలేదు.

ఎప్పుడు వెళ్ళాలి అనేది తరువాతి ప్రశ్న. మిన్నెసోటాలో వేసవి విహారకాలం. పులికాట్ చెంత అది పనికిరాదు. ఎండాకాలంలో సరస్సు ఉత్తరభాగం చాలావరకు ఎండి, పగుళ్ళు దేలిన మైదానంలా మారిపోతుంది. వర్షాలు పడిన తరువాతనే పక్షులు చేరుతాయి. నెల్లూరు సీమకు ఎక్కువ వాన ఈశాన్య ఋతుపవనాల వల్ల అక్టోబరు నుండి డిసెంబరు వరకు కురుస్తుంది. ఈ మాత్రం లెక్క చూసుకుని కొడుకు 2023 డిసెంబరు నెలలో రెండవ శనివారం నిర్ణయించాడు. సరస్సు నిండి ఉంటుంది, పక్షులు వచ్చి ఉంటాయి, సెలవు కూడా కలిసివస్తుంది అనుకున్నాడు.

కాని ఆ నెల మొదటి వారంలోనే మిగ్‌జాం తుపాను వచ్చింది. నెల్లూరు, తిరుపతి జిల్లాలలో కుంభవృష్టి కురిసింది. డిసెంబరు 5న తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటేవరకు ఇంటిల్లిపాదీ తలుపులు బిగించుకుని కూర్చున్నారు. కిటికీ సందులలోనుండి నీరు చిమ్ముతుంటే, కరెంటు లేని చీకటిలో, మనుమడు "మనం ఈ వారమే గుడారంలో ఉండవలసింది కదా!" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు. ప్రయాణం రద్దయింది. మార్చిలో మనుమరాలికి పదవ తరగతి పరీక్షలు. ఆ తరువాత వేసవి. ఇక మరుసటి శీతకాలం వరకు ఆగక తప్పలేదు.

ఆగిన ఆ కాలం వృథా కాలేదు. ఎక్కడ ఉండాలి అనే ప్రశ్నకు జవాబు ఆ వ్యవధిలోనే దొరికింది. తాతగారు మనుమరాలికి ఆ దారిలోని ఊళ్ళ పేర్లు చదివి వినిపించేవారు. గూడూరు, నాయుడుపేట, దొరవారిసత్రం, సూళ్లూరుపేట, తడ. "దొరవారిసత్రం అన్న పేరులో ఏమున్నదో చెప్పు చూద్దాం" అని అడిగారొకనాడు. సత్రం ఉన్నదని ఆమె చెప్పింది. రైళ్ళు లేని కాలంలో చెన్నపట్నం నుండి ఉత్తరానికి పోయే బాటసారుల కోసం దారి పొడవునా సత్రాలు వెలిశాయనీ, సత్రం ఉన్నచోట నీరు, నీడ, పిడికెడు బియ్యం దొరికేవనీ, సత్రాలు పోయినా వాటి పేర్లు ఊళ్ళకు మిగిలాయనీ ఆయన వివరించారు.

ఏనుగుల వీరాస్వామయ్య కథ కూడా చెప్పారు. ఆయన 1830 మే 18న చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. 15 నెలల 15 రోజుల ప్రయాణం అది. తిరుగు ప్రయాణంలో కోస్తా దారినే నెల్లూరు మీదుగా వచ్చారు. పరివారం ఇంచుమించు నూరుమంది. ఆ యాత్రను ఆయన వ్రాసి ఉంచగా 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయింది. మజిలీ ఎక్కడ, నీటి వసతి ఉన్నదా లేదా, ఆ ఊళ్ళో సరుకులు దొరుకుతాయా అనే వివరాలను శ్రద్ధగా నమోదు చేయడం వల్లనే తరువాతి కాలపు యాత్రికులకు అది దారిదీపమైంది. "అంతటి యాత్రకు అంతటి సన్నాహం. మన ఒక్క రాత్రికి కొంచెమైనా ఉండవద్దా?" అన్నారు తాతగారు.

గుడారం వద్దని ఆయన అన్నదానికి చట్టం తోడు వచ్చింది. మనుమరాలు తండ్రితో కలిసి అటవీశాఖ కార్యాలయానికి పోయి విచారించింది. నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం 1976లో ఏర్పడింది. దాని విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటువంటి చోట అనుమతి లేకుండా ఉండరాదు. నిప్పు రగల్చరాదు. ప్రాణులను బెదరించరాదు. చెత్త వేయరాదు. పగటి వేళ వెళ్ళి గట్టు మీదనుండి చూసి రావచ్చును. సరస్సు తీరంలోని పల్లెలో ఎవరి ఇంటనైనా అతిథులుగా ఉండడానికి మాత్రం అభ్యంతరం లేదని అక్కడివారు చెప్పారు.

అప్పుడు తాతగారికి ఒక పాత శిష్యుడు గుర్తుకు వచ్చాడు. సరస్సు గట్టున చేపలు పట్టే పల్లెలో అతని ఇల్లు. ఫోను చేస్తే గొంతు వినగానే గుర్తుపట్టాడు. "అయ్యవారూ, మీరు వస్తానంటే నాకన్నా ఏం కావాలి? మా పెద్దోడి కొట్టం ఖాళీగానే ఉంది. రెల్లుకప్పు కొట్టం, కింద మట్టినేల. మీ పిల్లలు ఉండగలరా?" అని అడిగాడు. మనుమరాలి ముఖం వెలిగింది. అత్తవారి కొయ్య కుటీరానికి ఇక్కడి జవాబు రెల్లుకొట్టం అని ఆమెకు తోచింది.

ఎప్పుడు రమ్మంటావని తాతగారు అడిగినప్పుడు ఆ శిష్యుడు చెప్పిన మాటలు ఆ ఇంటివారు మరువలేదు. "మాకు వంతు లేని దినాన రండయ్యా. వంతు దినాన నేను నీళ్ళలో ఉంటాను" అన్నాడు. పులికాట్ జాలరులలో 'పాడు' అనే పాత కట్టుబాటు ఒకటి ఉన్నది. వల వేసే చోట్లను హక్కు ఉన్న కుటుంబాలు వంతులవారీగా పంచుకుంటాయి. ఈనాడు మంచి చోటు దొరికినవాడు మరునాడు దానిని మరొకనికి వదలాలి. ఉన్న చేపను అందరూ ఒకేసారి దోచుకోకుండా పెద్దలు ఏర్పరచిన న్యాయం అది. "వంతులు బాగానే ఉన్నాయి కాని చేపే తగ్గిపోతా ఉందయ్యా. రాయదొరువు కాడ సముద్రపు నోరు ఇసకతో పూడిపోతే ఉప్పునీళ్ళు ఎట్టా లోపలికి వస్తాయి? ఉప్పునీళ్ళు రాకపోతే రొయ్య యాడిది?" అని అతడు నిట్టూర్చాడు.

వంతు అన్న ఆ ఒక్క మాట ఇంటివారి ఆలోచనను మార్చింది. సరస్సులో నదికి ఒక వంతు, సముద్రానికి ఒక వంతు. వానకాలం ఒకరిది, ఎండకాలం మరొకరిది. శీతకాలం పక్షులది. చూడవచ్చిన మనిషి తనకు వీలైన దినాన కాక, సరస్సు తనకు వదిలిన దినాన పోవాలి. 2025 జనవరి 18 నుండి 20 వరకు సూళ్లూరుపేటలో పక్షుల పండుగ జరిగింది. జనం వేలాదిగా తరలివచ్చే ఆ మూడు దినాలనూ విడిచిపెట్టి, సందడి సద్దుమణిగిన తరువాత, ఫిబ్రవరి 1, 2 తేదీలను వారు ఎంచుకున్నారు. అవి శని, ఆదివారాలు. శిష్యునికి ఆ రెండు దినాలలో వంతు లేదు. మనుమరాలు అప్పటికి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో ఉన్నది.

ప్రయాణానికి వారం ముందు, పుస్తకంలో ఆఖరి పట్టిక వ్రాస్తున్నప్పుడు, తాతగారు ఏడాదిగా దాచుకున్న సంగతి చెప్పారు. అది 1978 నాటి మాట. అప్పుడాయన సూళ్లూరుపేట ప్రాంతంలో ఒక ఉన్నత పాఠశాలలో పనిచేసేవారు. వయసు ముప్పయి దాటలేదు. ఒక శీతకాలపు ఉదయాన ముప్పయిమంది విద్యార్థులను నేలపట్టుకు తీసుకుపోయారు. చెరువు నీటిలో నిలిచిన కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్ళు కట్టుకుని ఉన్నాయి. కొమ్మ కొమ్మకూ గూడు. గూటి గూటికీ పిల్లలు. పక్షులు గూటిలో కదలకుండా కూర్చుంటే పిల్లలకు రెక్కల విస్తారం ఎలా తెలుస్తుంది? అందుకని ఆ యువ ఉపాధ్యాయుడు, అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టి కేక వేయండి అన్నాడు.

ముప్పయి గొంతులు లేచాయి. తెల్లని రెక్కలతో చెరువంతా ఒక్కసారిగా పైకి లేచినట్లయింది. పిల్లలు ఆనందంతో గంతులు వేశారు. ఆ గందరగోళంలో రెండు మూడు పసికూనలు గూళ్ళనుండి నీటిలో పడిపోయాయి. తల్లులు లేని గూళ్ళమీదికి కాకులు దిగాయి. ఆ సమయంలో పొలంలో పనిచేస్తున్న ఒక ముసలి రైతు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయాసపడుతూ నిలబడి, "అయ్యవారూ, ఇంట్లో బాలింత ఉంటే గుమ్మంలో నిలబడి ఇట్టాగే కేకలు పెడతారా?" అని అడిగాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

నేలపట్టు గ్రామస్థులకు ఆ పక్షులు పెంచుకున్న బిడ్డల వంటివి. పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీరు వారి పొలాలకు మంచి ఎరువు. పక్షి వస్తే పంట వస్తుందని వారి నమ్మకం. రక్షిత కేంద్రం ఏర్పడకముందు నుండీ ఆ పక్షులకు కాపలా వారే. చదువు చెప్పవలసిన తనకు ఆ దినం ఒక రైతు చదువు చెప్పాడని తాతగారు అన్నారు. "ఆ ఊరి వైపు మళ్ళీ పోవడానికి నాకు ముఖం చెల్లలేదమ్మా. ఇన్నేళ్ళూ పోలేదు" అన్నప్పుడు ఆయన గొంతు తగ్గింది. కొడుకు తన పాటల పెట్టెను తలచుకుని సిగ్గుపడ్డాడు. తండ్రి ఆ దినం ఎందుకు కటువుగా మాట్లాడాడో అతనికి అప్పుడు తెలిసింది. మనుమరాలు తాతగారి చేయి పట్టుకుని, "ఈసారి మనం కలిసి పోదాం తాతయ్యా" అన్నది.

ఆఖరి పట్టిక ఒక్క పుటలో ఇమిడింది. మాసిన రంగు బట్టలు, ఎందుకంటే మెరిసే రంగులు పక్షులను బెదరిస్తాయి. చలికి దుప్పట్లు, దోమతెర, టార్చిలైటు, నాయనమ్మ మందులు, ఒక దుర్భిణి, తాగునీరు. మొదటి పూటకు పులిహోర, దద్దోజనం, మణుగుబూలు. అవి కూడా నాయనమ్మ ఒక్కతె చేయలేదు. కొడుకు చింతపండు పిసికాడు. మనుమరాలు తాలింపు వేసింది. రాత్రి భోజనం శిష్యుని ఇంట చేపలపులుసు. దానికి తగిన సొమ్ము ముందే ఇవ్వాలనీ, అతిథి మర్యాద పేరుతో ఒక జాలరి కుటుంబం మీద ఆరుగురి బరువు మోపరాదనీ కోడలు పట్టుబట్టింది. చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఒక ఖాళీ సంచి. పట్టిక కింద మనుమరాలు గీత గీసి, "తీసుకుపోకూడనివి" అని వ్రాసి, "కేక, చప్పట్లు, నిప్పు, తొందర" అని చేర్చింది.

శనివారం మధ్యాహ్నానికి వారు రైలులో దొరవారిసత్రం చేరి, ఆటోలో నేలపట్టుకు వెళ్ళారు. 2022 ఏప్రిల్ నుండి ఆ ప్రాంతం తిరుపతి జిల్లాలోకి మారింది. పక్షులకు ఆ సరిహద్దులతో పని లేదు. గూడబాతులు పులికాట్ వైపు ఎగిరిపోయి సంచి ముక్కుల నిండా చేపలు తెచ్చి గూళ్ళలోని కూనలకు పెడుతున్నాయి. తాతగారు చెరువు గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. కళ్ళకు శుక్లాలు కమ్ముతున్నందున ఆయనకు చెట్ల మీద తెల్లని మచ్చలే కనిపించాయి. మనుమరాలు ఆయన చెవిలో ఒక్కొక్క గూటినీ వర్ణించి చెప్పింది. ఒకప్పుడు ముప్పయి గొంతులు లేచిన గట్టు మీద ఆ సాయంత్రం గుసగుస తప్ప వేరే శబ్దం లేదు.

రాత్రి కొట్టంలో మట్టినేల మీద చాపలు పరచుకుని పడుకున్నారు. దీపం ఆర్పగానే రెల్లుకప్పు సందులలో నక్షత్రాలు కనిపించాయి. మనుమడు వాటిని లెక్కపెడుతూ నిద్రపోయాడు. కడుపునిండా మరొకరు వండిన భోజనం చేసి, గిన్నెలు కడిగే పని లేకుండా, కోడలితో కబుర్లు చెప్పుకుంటూ పడుకున్న నాయనమ్మ, "ఇదీ ప్రయాణమంటే" అన్నది.

తెల్లవారుజామున శిష్యుడు వారిని గట్టు వెంట నడిపించాడు. మంచు విడిపోతుంటే పలుచని నీటిలో వందల సంఖ్యలో ఫ్లెమింగోలు కనిపించాయి. మనిషి ఛాతీ ఎత్తున్న ఆ పక్షులు తలలు తలక్రిందులుగా నీటిలో ముంచి, ఆహారాన్ని వడకట్టుకుంటున్నాయి. అవి తినే నాచు, చిన్న రొయ్యజాతి ప్రాణుల వల్లనే వాటికి ఆ గులాబి రంగు వస్తుందని తాతగారు మెల్లగా చెప్పారు. "ఇవి ఎప్పుడు ఎగురుతాయి?" అని మనుమడు అడిగాడు. "వాటికి ఎగరాలనిపించినప్పుడు" అని అక్క బదులు చెప్పి, పెదవుల మీద వేలు ఉంచింది. వారు నిలిచిన గంటసేపూ ఒక్క పక్షీ ఎగరలేదు. రెక్కల కింద దాగిన ఎర్రదనాన్ని చూడకుండానే వారు వెనుదిరిగారు.

తిరుగు రైలులో మనుమరాలు పుస్తకం తెరిచి ఖర్చుల లెక్క పూర్తి చేసింది. రైలు టికెట్లు, ఆటో, భోజనం, అన్నీ ఒకదాని కింద ఒకటి వ్రాసి కూడింది. ఆ మొత్తం కింద మరి రెండు పంక్తులు చేర్చి పుస్తకాన్ని తాతగారి చేతిలో పెట్టింది. ఆయన అక్షరాలను కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చదువుకున్నారు.

"చూసిన పక్షులు: లెక్కకు అందలేదు.

బెదరించి లేపిన పక్షులు: ఒక్కటీ లేదు."